టీవీ శబ్దం ఎటు నుంచి ఎటు పోతుందో ముందు చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

టీవీ శబ్దాన్ని హోమ్ థియేటర్ రిసీవర్, అంటే శబ్దాన్ని అందుకొని విడి స్పీకర్లకు పంచే పెట్టె, ద్వారా వినడం గురించి మీ పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇలాంటి విషయాలను తెలుగులో రాసేవారే తక్కువ కనుక, రాసినవారిని అభినందించిన తరువాతే నా అభ్యంతరం చెప్పుకోవడం మర్యాద. బొమ్మనూ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటి బిగిస్తే చాలు, మిగతాదంతా పరికరాలే చూసుకుంటాయన్న అర్థం వచ్చేలా ఆ వ్యాసం ముగిసింది. కేబుల్ ఒక్కటే చాలునన్న మాట నిజమే. అయితే ఆ కేబుల్‌లో బొమ్మ ఎటు పోతుంది, శబ్దం ఎటు పోతుంది అన్న సంగతి వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. ఇళ్లలో ఈ పని చెడేది సరిగ్గా అక్కడే. కేబుల్ మంచిది కాదేమోనని ఇంకొకటి కొని, అదీ పలకకపోతే రిసీవరే పాడైందని తిప్పి పంపిన వారిని నేను ఎరుగుదును. ఆ రిసీవర్లలో ఏ లోపమూ ఉండి ఉండదని నా నమ్మకం.

అసలు ఈ తంటా ఎందుకు పడాలని అడిగేవారికి ఒక్క మాట. పాత పెట్టె టీవీలకు లోతు ఉండేది, వాటి స్పీకర్లు చాలావరకు మన వైపే చూసేవి. ఇప్పటి టీవీ మందం నానాటికీ తగ్గిపోయి, స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి కూర్చున్నాయి. గోడకు తగిలి తిరిగి వచ్చే శబ్దమే మన చెవిన పడుతుంది. తెర పెద్దదయ్యే కొద్దీ మాట పలచబడిందంటే అతిశయోక్తి కాదు. కనుక విడిగా స్పీకర్లు పెట్టుకోవడం విలాసం కోసమే అనుకోనక్కరలేదు, మాట తెలియడం కోసం పెట్టుకునేవారే ఎక్కువ.

ఇక దిశ సంగతి. రిసీవర్ అనేది మొదటి నుంచీ మధ్యవర్తి. డిస్క్ ప్లేయరు, సెట్‌టాప్ బాక్సు, గేములు ఆడే పెట్టె, అన్నిటి కేబుళ్లూ దాని వెనకనున్న ఇన్‌పుట్ సాకెట్లలోకి వచ్చేవి. అది శబ్దాన్ని తన దగ్గర అట్టిపెట్టుకొని స్పీకర్లకు పంచి, బొమ్మను మాత్రం ఔట్‌పుట్ సాకెట్ నుంచి టీవీకి పంపేది. ఆ ఏర్పాటులో టీవీ ఒట్టి తెర మాత్రమే. సినిమాల యాప్‌లు నేరుగా టీవీలోకే వచ్చి కూర్చున్నాక ఈ వరస తలకిందులైంది. ఇప్పుడు శబ్దం టీవీలోనే పుడుతోంది, అక్కడి నుంచి రిసీవర్‌కు ఎదురు ప్రయాణం చేయాలి. 2002లో వచ్చిన హెచ్‌డీఎంఐ తొలి ప్రమాణంలో ఇటువంటి ఎదురుదారి లేదు. 2009లో 1.4 ప్రమాణంతో పాటు ఆడియో రిటర్న్ ఛానల్ వచ్చింది, టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసి ఉండేది దీని గురించే. కేబుల్ చివరనున్న 19 పిన్నుల్లో అంతవరకూ ఏ పనికీ కేటాయించకుండా ఉంచిన 14వ పిన్ను ఈ ఎదురుదారికి పనికివచ్చింది. అంటే రిసీవర్ నుంచి టీవీకి బొమ్మ వెళ్లే కేబుల్‌లోనే, బొమ్మకు ఎదురుగా, టీవీ నుంచి రిసీవర్‌కు శబ్దం వస్తుంది. ఈ ఒక్క వాక్యం మీ వ్యాసంలో ఉండి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాను.

ఎందుకంటే దీనివల్ల పుట్టే అయోమయాన్ని స్వయంగా అనుభవించాను. మా అక్క వాళ్లింట్లో కొత్తగా రిసీవర్ పెట్టిన రోజున నేనూ మా బావగారూ టార్చిలైటు పట్టుకొని టీవీ వెనక దూరాం. గోడకూ టీవీకీ మధ్య జానెడు సందు. సాకెట్ల పక్కన పేర్లు నల్ల ప్లాస్టిక్ మీద నల్లగానే ఉబ్బెత్తుగా పోసి ఉన్నాయి, కంటితో కాక వేలితో తడిమి చదవాల్సిన అక్షరాలు అవి. టీవీ నుంచి శబ్దం రిసీవర్‌లోకి రావాలి కదా, అందుకని కేబుల్ రెండో కొసను రిసీవర్ ఇన్‌పుట్ సాకెట్‌లో పెట్టాం. చూడటానికి అంతకంటే తర్కబద్ధమైన పని లేదు. శబ్దం రాలేదు. కేబుల్ మార్చాం, రాలేదు. టీవీ వైపు ఒక్కొక్క సాకెట్టూ మార్చి చూశాం, రాలేదు. "రెండు రోజులుగా ఇద్దరూ టీవీ వెనకాలే కాపురం పెట్టారు, ముందుకొచ్చి చూసేదెప్పుడు?" అని అక్క ఎత్తిపొడిచింది. రెండో రోజు సాయంత్రం, విసుగెత్తి, రిసీవర్ మీద ఔట్ అని రాసి ఉన్న సాకెట్ పక్కనే చిన్నగా ఏఆర్‌సీ అని ఉండటం నేను గమనించాను. "బావగారూ, దీన్ని ఇందులో పెడదామా?" అంటే ఆయన నవ్వి, "ఔట్ అంటే బయటికి పోయే దారి కదయ్యా, అందులోంచి లోపలికి ఎలా వస్తుంది?" అన్నారు. ఆయన అడిగింది నూటికి నూరుపాళ్లూ న్యాయమైన ప్రశ్న. అయినా పెట్టి చూశాం. కేబుల్ మారడంతోనే శబ్దం రాలేదు, దానికి ఇంకో అడ్డంకి ఉంది, అది కింద చెబుతాను. కానీ తప్పు ఎక్కడుందో మాత్రం ఆ క్షణంలో తెలిసింది. ఔట్ అన్న పేరు బొమ్మను బట్టి పెట్టినది. శబ్దానికి అదే లోపలికి వచ్చే గుమ్మం.

టీవీ వైపు కూడా ఏ సాకెట్ పడితే అది పనికిరాదు. మూడో నాలుగో హెచ్‌డీఎంఐ సాకెట్లు ఉన్నా, ఏఆర్‌సీ సౌకర్యం సాధారణంగా ఒక్కదానికే ఉంటుంది. అది మొదటిదే కావాలని నియమం లేదు, ఒక టీవీలో రెండోది, ఇంకొకదానిలో మూడోది. ఆ గుర్తున్న సాకెట్‌లో అప్పటికే సెట్‌టాప్ బాక్సు ఉంటే దాన్ని తీసి పక్క సాకెట్‌లోకి మార్చక తప్పదు.

పైన చెప్పిన రెండో అడ్డంకి సీఈసీ. ఒక రిమోట్‌తో రెండు పరికరాలనూ నడిపించడానికి హెచ్‌డీఎంఐలో ఉన్న ఏర్పాటు ఇది. టీవీ ఆన్ చేస్తే రిసీవర్ మేలుకోవడం, టీవీ రిమోట్‌తోనే రిసీవర్ వాల్యూమ్ పెరగడం దీని పనులు. టీవీ తన దగ్గరున్న శబ్దాన్ని ఏఆర్‌సీ దారిన పంపమంటారా అని రిసీవర్‌ను అడిగేది కూడా దీని ద్వారానే, కనుక మామూలు ఏఆర్‌సీ కావాలంటే రెండు పరికరాల్లోనూ సీఈసీ పని చేస్తూ ఉండాలి. చిక్కేమిటంటే మెనూలో సీఈసీ అన్న పేరు అరుదుగా కనిపిస్తుంది. ఒక్కో కంపెనీ తన సొంత ముద్దుపేరు పెట్టుకుంది. శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, పానాసోనిక్‌లో వియెరా లింక్, ఫిలిప్స్‌లో ఈజీలింక్. ఒకే వస్తువుకు ఇన్ని పేర్లుంటే, ఒక కంపెనీ టీవీకి ఇంకో కంపెనీ రిసీవర్ కొన్న మనిషి రెండు మెనూల్లో రెండు వేర్వేరు మాటలను వెతుక్కోవాలి, అవి రెండూ ఒకటేనని ముందుగా ఎవరో చెప్పి ఉండాలి. బావగారింట్లో రిసీవర్ మెనూలో ఈ సౌకర్యం మొదటి నుంచీ ఆపేసి ఉంది. దాన్ని తెరిచి, రెంటినీ ప్లగ్గుల నుంచి తీసి, కొద్ది నిమిషాలాగి, ముందు టీవీనీ తరువాత రిసీవర్‌నూ ఆన్ చేశాక గాని శబ్దం రాలేదు. ప్లగ్గు తీయమన్నది చాదస్తం కాదు. హెచ్‌డీఎంఐ పరికరాలు ఆన్ అయినప్పుడు ఒకదాన్నొకటి పలకరించుకొని, ఎవరెవరికి ఏమేమి వచ్చో తెలుసుకుంటాయి. ఆ పలకరింపు మధ్యలో తప్పితే, రిమోట్‌తో ఆపి మళ్లీ వేసినా చాలాసార్లు పాత పొరపాటే కొనసాగుతుంది.

సీఈసీ వల్ల వచ్చే చిరాకులు కూడా చెప్పాలి. ప్లేయర్ ఆపితే టీవీ కూడా ఆగిపోతోందనో, అడగకుండానే ఇన్‌పుట్ మారిపోతోందనో కొందరు మెనూలోకి వెళ్లి దాన్ని ఆపేస్తారు. మరునాడు టీవీ శబ్దం రిసీవర్‌కు రాదు. ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది? ఈఏఆర్‌సీ అనే కొత్త పద్ధతిలో పరికరాలు శబ్దం విషయం మాట్లాడుకోవడానికి వేరే దారి ఉంది కనుక ఈ బాధ తగ్గింది, రెండూ కొత్తవైతేనే సుమా.

తీగలు కుదిరాక మిగిలేది టీవీలోని సౌండ్ సెట్టింగులు. మొదటిది, శబ్దం టీవీ సొంత స్పీకర్లకు కాక బయటి ఆడియో వ్యవస్థకు పోవాలని చెప్పడం. రెండోది, ఏ రూపంలో పోవాలో చెప్పడం. ఈ రెండో దాని దగ్గర పీసీఎం, ఆటో, బిట్‌స్ట్రీమ్, పాస్‌త్రూ వంటి మాటలు కనిపిస్తాయి. వీటిని మీ వ్యాసం ఒక్క ముక్కలో దాటేసింది, నేను కాస్త ఆగుతాను. మామూలు ఏఆర్‌సీలోనూ, శబ్దాన్ని వెలుతురుగా మోసే ఆప్టికల్ కేబుల్‌లోనూ పీసీఎం ఎంచుకుంటే టీవీయే శబ్దాన్ని విప్పి, ఎడమ, కుడి అనే రెండు పాయలుగా మాత్రమే పంపుతుంది. గది చుట్టూ అయిదు స్పీకర్లూ, మంద్ర శబ్దాల కోసం ఒక సబ్‌వూఫరూ పెట్టుకున్న మనిషికి రెండు పాయల శబ్దమే అందుతుంది, మిగతా స్పీకర్లు నోరు మూసుకుంటాయి, లేదా రిసీవర్ తన ఊహతో వాటికి ఏదో పంచిపెడుతుంది. బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూ అంటే డాల్బీ వంటి పద్ధతుల్లో మూటగట్టి ఉన్న శబ్దాన్ని విప్పకుండా అలాగే రిసీవర్‌కు అప్పజెప్పడం. విప్పే పని రిసీవర్‌ది, అది దానికి బాగా చేతనైన పని. కనుక రిసీవర్ ఉన్న ఇంట్లో సాధారణంగా పాస్‌త్రూ గాని బిట్‌స్ట్రీమ్ గాని ఉండాలి. అసలు శబ్దమే రానప్పుడు మాత్రం ముందు పీసీఎంకు మార్చి చూడడం మంచిది. ఎంత పాత రిసీవరైనా పీసీఎంను గుర్తుపడుతుంది, దానితో శబ్దం వచ్చిందంటే తీగలు సరిగ్గానే ఉన్నాయని తేలిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి చెవిని నమ్ముకోనక్కరలేదు. రిసీవర్ ముఖం మీద ఉన్న చిన్న తెర చూస్తే చాలు. బహుళ స్పీకర్ల శబ్దం ఉన్న సినిమా పెట్టినప్పుడు అక్కడ డాల్బీ డిజిటల్ అనో, డాల్బీ డిజిటల్ ప్లస్ అనో, డాల్బీ లాంటిదే మరో పద్ధతైన డీటీఎస్ అనో పడాలి. పీసీఎం అనో స్టీరియో అనో పడితే, దారిలో ఎక్కడో మూట విప్పేశారన్నమాట. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కొన్ని టీవీలు డీటీఎస్ శబ్దాన్ని అసలు ముట్టుకోవు, దాన్ని ముందుకు పంపవు కూడా. మీ దగ్గరున్న డిస్క్‌లోనో ఫైలులోనో డీటీఎస్ ఉండి, రిసీవర్‌కు దాన్ని విప్పడం వచ్చినా, మధ్యలో టీవీ అడ్డుపడితే నిశ్శబ్దమే మిగులుతుంది. అటువంటప్పుడు ప్లేయర్‌ను నేరుగా రిసీవర్ ఇన్‌పుట్‌కు కలిపితే టీవీ జోక్యం తప్పుతుంది.

ఈఏఆర్‌సీ లేకపోతే జన్మ వృథా అన్నంతగా చెప్పడం ప్రకటనల్లో చూస్తున్నాను. అది హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణంతో 2017లో వచ్చింది. ఏఆర్‌సీ దారి సెకనుకు సుమారు ఒక మెగాబిట్‌కు సరిపోయేంత ఇరుకు, ఈఏఆర్‌సీలో అది 37 మెగాబిట్ల వరకూ వెడల్పయింది. అందువల్ల బ్లూరే డిస్క్‌లలో ఉండే ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ వంటి బరువైన శబ్దాలు కూడా తగ్గకుండా వెనక్కి వస్తాయి. అయితే యాప్‌ల ద్వారా వచ్చే సినిమాల శబ్దం చాలావరకు డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలోనే ఉంటుంది. తల పైనుంచి కూడా శబ్దం వచ్చినట్టు వినిపించే డాల్బీ అట్మాస్ కూడా అందులోనే ఇమిడి వస్తుంది, దానికి మామూలు ఏఆర్‌సీ దారి సరిపోతుంది. కాబట్టి యాప్‌లు తప్ప వేరేమీ చూడనివారు ఈ ఒక్క మాట కోసం పని చేస్తున్న రిసీవర్‌ను అవతల పారేయడం నాకు సమంజసంగా తోచదు.

ఆప్టికల్ కేబుల్‌ను మీ వ్యాసం కాలం చెల్లిన వస్తువుగా కొట్టిపారేసింది. దానితో నేను ఏకీభవించలేను. 1983లో తోషిబా కంపెనీ తెచ్చిన ఈ కేబుల్ నేటికీ ఎన్నో టీవీల వెనక ఉంది, ఏఆర్‌సీ లేని పాత రిసీవర్లకు ఇదే దిక్కు. ఇందులో దిశ గురించి తికమక లేదు. టీవీ మీద ఔట్ అంటే నిజంగా బయటికే, రిసీవర్ మీద ఇన్ అంటే నిజంగా లోపలికే. పైగా శబ్దం పోతోందో లేదో కంటితో చూడవచ్చు. కేబుల్ ఒక కొసను టీవీకి తగిలించి, రెండో కొసను అరచేతికి దగ్గరగా పట్టుకుంటే చేతి మీద కుంకుమబొట్టంత ఎర్రటి వెలుగు పడుతుంది. వెలుగు పడిందంటే టీవీ తన పని తాను చేస్తున్నట్టే, ఇక వెతకాల్సింది రిసీవర్ వైపు. కొత్త కేబుల్ కొసలకు పారదర్శకంగా ఉండే చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి, వాటిని తీయకుండా దూర్చాలని చూసి సాకెట్ మూత విరగ్గొట్టుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ని. కేబుల్‌ను మూల దగ్గర కాగితంలా మడవకూడదు, లోపల నడిచేది వెలుతురు కనుక మడత దగ్గర ఆగిపోతుంది. స్పీకర్లలో గుయ్యిమని ఎడతెగని మోత వస్తూ, టీవీకి కేబుల్ వాళ్ల తీగ పీకేస్తే అది ఆగుతోందంటే, ఆ మోత కరెంటు తీగల ఎర్తింగు తేడా వల్ల వస్తున్నదే. ఆప్టికల్ కేబుల్‌లో లోహపు తీగే లేదు కనుక ఆ మోతకు టీవీ నుంచి రిసీవర్‌కు పోయే దారి తెగిపోతుంది. దీని పరిమితులూ చెప్పాలి. రెండు పాయల పీసీఎం, లేదా డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 (అయిదు స్పీకర్లూ ఒక సబ్‌వూఫరూ) వరకే ఇది మోస్తుంది, డాల్బీ డిజిటల్ ప్లస్ ఇందులో పట్టదు. టీవీ రిమోట్‌తో రిసీవర్ వాల్యూమ్ మారదు. కొన్ని పాత టీవీలు తమకు హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చిన శబ్దాన్ని ఆప్టికల్ నుంచి రెండు పాయలుగానే వదులుతాయి.

ఎరుపు, తెలుపు పిన్నుల తీగల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఏ దారీ లేనప్పుడు అవీ, హెడ్‌ఫోన్ రంధ్రమూ పనికివస్తాయి, రెండు పాయల శబ్దం వస్తుంది, అంతే. కానీ ఒక హెచ్చరిక తప్పనిసరి. రిసీవర్ వెనక ఎరుపు, నలుపు రంగుల్లో మరచుట్టు బిగింపులుంటాయి. అవి స్పీకర్లకు శక్తిమంతమైన విద్యుత్తును పంపే దారులు. రంగు కలిసింది కదా అని టీవీ నుంచి వచ్చే తీగను వాటికి తగిలించడం పరికరాలను చేతులారా చెడగొట్టుకోవడమే. స్పీకర్ తీగలు బిగించేటప్పుడు కూడా రిసీవర్ ఆపి ఉండాలి, ఎర్ర బిగింపులోని తీగపోగు ఒక్కటి విడివడి నల్లదాన్ని తాకినా రిసీవర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

ఇక పెదవి కదలికకూ మాటకూ పొంతన కుదరని జబ్బు. దీనికి మందు రిసీవర్‌లోని ఆడియో డిలే అని చాలామంది చెబుతారు, అది సగమే నిజం. టీవీ బొమ్మను మెరుగుపరచడానికి కొంత సమయం తీసుకుంటుంది. ప్లేయర్ రిసీవర్‌కు కలిసి ఉంటే శబ్దం ముందే స్పీకర్లను చేరి, బొమ్మ వెనకబడుతుంది. అప్పుడు శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆపితే సరిపోతుంది. కానీ ఏఆర్‌సీలో శబ్దం టీవీ గుండా తిరిగి వస్తుంది కనుక చాలాసార్లు వెనకబడేది శబ్దమే. వెనకబడిన దాన్ని ఇంకా ఆపితే జబ్బు ముదురుతుంది. అక్కడ చేయాల్సింది, రిసీవర్‌లోని డిలేను సున్నాకు తెచ్చి, టీవీలోని శబ్దపు హంగులను ఆపి, పాస్‌త్రూకూ పీసీఎంకూ మధ్య ఏది త్వరగా వస్తోందో చూసుకోవడం. శబ్దం ముందు వచ్చిందా, వెనక వచ్చిందా అని తేల్చుకోకుండా అంకెలు మార్చడం చీకట్లో సూది వెతకడం వంటిది. మన చెవికి ఈ విషయంలో పక్షపాతం కూడా ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం 1998 నాటి సిఫారసు ప్రకారం, శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందు వస్తే మనిషి పసిగడతాడు, అదే వెనకబడితే 125 మిల్లీసెకన్ల దాకా పట్టించుకోడు. దూరాన బట్టలుతికే వాళ్ల చెయ్యి ముందు కనపడి చప్పుడు తరువాత వినపడటం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు, చెయ్యి లేవకముందే చప్పుడు వినపడటం సృష్టిలో లేదు. బ్లూటూత్‌తో స్పీకర్లు కలిపినవారికి ఈ ఆలస్యం ఇంకా ఎక్కువవుతుంది, సినిమాకు అది ఆఖరి మార్గమే కావాలి.

వ్యాసంలో లేని ఇంకొక సంగతిని మా అక్క వాళ్ల మామగారు బయటపెట్టారు. శబ్దం వచ్చిన సంబరంలో మేముండగా, ఆయన కుర్చీ ముందుకు జరుపుకొని, "పాటలు దద్దరిల్లుతున్నాయి గానీ మాట ఒక్కటీ తెలియడం లేదురా అబ్బాయిలూ" అన్నారు. పెద్దాయన వినికిడి తగ్గిందని మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. తీరా చూస్తే ఆయన చెవి మా చెవుల కంటే నిజం చెప్పింది. 5.1 శబ్దంలో పాత్రల మాటలు దాదాపు అన్నీ నడిమి స్పీకర్‌కు కేటాయించి ఉంటాయి. ఆ స్పీకర్ తీగ మేం బిగించనే లేదు, కాని రిసీవర్ సెట్టింగుల్లో నడిమి స్పీకర్ ఉన్నట్టే రాసి ఉంది. అది పాపం లేని స్పీకర్‌కు మాటలన్నీ పంపుతూ కూర్చుంది. నడిమి స్పీకర్ పెట్టే వీలు లేనివారు సెట్టింగుల్లో అది లేదని చెప్పితే చాలు, ఆ మాటలను రిసీవర్ ఎడమకూ కుడికీ సమంగా పంచుతుంది. ఉన్నవారు దాని స్థాయిని రెండు మూడు డెసిబెల్స్ పెంచుకుంటే ముసలివారికి ఎంతో హాయిగా ఉంటుంది. సినిమాల్లో బాంబులు ఇల్లదరగొట్టి మాటలు గుసగుసలవుతున్నాయనుకునేవారు రాత్రిపూట కోసం ఉద్దేశించిన డైనమిక్ రేంజ్ తగ్గింపును, అంటే పెద్ద శబ్దాలకూ చిన్న శబ్దాలకూ ఉన్న తేడాను కుదించే సౌకర్యాన్ని, వేసుకోవచ్చు, రిసీవర్లలో అది చాలావరకు నైట్ మోడ్ వంటి పేరుతో ఉంటుంది.

రిసీవర్ పాతదై, 4కె బొమ్మను గాని దాని కాపీ రక్షణను గాని దాటనివ్వకపోతే, ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపి శబ్దాన్ని మాత్రం ఏఆర్‌సీ ద్వారానో ఆప్టికల్ ద్వారానో వెనక్కి తెచ్చుకోవచ్చు. అక్కడ కూడా శబ్దపు ఎదురుదారి తెలిసి ఉండటమే ఆదుకుంటుంది.

ఇంత రాసిన తరువాత నా కోరికలు రెండే. మొదటిది తయారీదారులకు. సాకెట్ పక్కన మూడు అక్షరాల ఏఆర్‌సీ అని రాసే బదులు, అదే స్థలంలో చిన్న స్పీకర్ బొమ్మా, శబ్దం ఎటు పోతుందో చూపే ఒక బాణపు గుర్తూ వేయవచ్చు. దానికి ఏ భాషా రానక్కరలేదు. సీఈసీకి ముద్దుపేరు పెట్టుకోదలిస్తే పెట్టుకోండి గానీ, పక్కనే అసలు పేరు కూడా రాయండి. మెనూల్లో తెలుగు ఎంచుకున్నప్పుడు కనీసం పాస్‌త్రూ అన్నదాని కింద ఒక వాక్యం, శబ్దాన్ని విప్పకుండా రిసీవర్‌కే పంపుతుందని, తెలుగులో ఉంటే ఎవరి సొమ్మూ పోదు.

రెండోది మీకు. ఆ వ్యాసానికి కొనసాగింపుగా ఒక చిన్న బొమ్మ ప్రచురించండి. ఒక పక్క టీవీ, ఇంకో పక్క రిసీవర్, మధ్యలో ఒకే కేబుల్, దాని మీద ఎదురెదురుగా రెండు బాణాలు, ఒకటి బొమ్మదీ ఒకటి శబ్దానిదీ. కింద రిసీవర్ సాకెట్‌ను ఔట్ అనీ, టీవీ సాకెట్‌ను ఏఆర్‌సీ అనీ గుర్తించండి. బావగారు అలాంటి బొమ్మనే పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్నుతో గీసి రిసీవర్ పక్కన అతికించారు. మొన్న ఇల్లు సున్నాలు వేయించినప్పుడు తీగలన్నీ పీకేశారట. నేను లేకుండానే, ఆ కాగితం చూసి మా అక్క మళ్లీ బిగించింది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు